నిలవ పెట్రోలు



పోర్టుబ్లెయిరు అని చిరకాలము పిలువబడి, 2024 సెప్టెంబరు నుండి శ్రీవిజయపురమను పేర వ్యవహరింపబడుచున్న మన పట్టణమునుండి వండూరు దారి పట్టి సుమారు 14 కిలోమీటర్లు పోయినచో, ఒక ప్రక్క కొబ్బరి, పోక తోటలతో నిండిన మెట్టలును, వేరొక ప్రక్క మడచెట్లు కమ్ముకొన్న ఉప్పుటేరును గల సిప్పీఘాట్ కనబడును. పసిఫిక్ సముద్ర ద్వీపములనుండి సేకరించి తెచ్చిన కొబ్బరి జాతులను నాటి సంరక్షించిన ప్రపంచ కొబ్బరి జన్యుసంపద కేంద్రము ఇచ్చటిదే. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సంభవించిన మహాభూకంపమునకు దక్షిణ అండమాను నేల ఇంచుమించు ఒక మీటరు క్రుంగుటయు, ఆ వెంటనే సునామి వచ్చుటయు, అంతవరకు వరి పండిన ఇచ్చటి పల్లపు పొలములు పోటునీటి పాలగుటయు మీరెల్లరు ఎఱిగిన విషాదమే. పల్లము పోగా మిగిలిన మెట్టమీది కూరగాయలను, కొబ్బరిని, పోకను, మిరియపు తీగను నమ్ముకొన్న కుటుంబములకు, గుంటలో నిలిపిన వాననీటిని పైకి తోడు చిన్న పెట్రోలు పంపును, తోటలో మోకాలెత్తు పెరుగు గడ్డిని కోయు బ్రష్ కట్టరును, మందు చల్లు స్ప్రేయరును, కరెంటు పోయిన రాత్రి దీపము వెలిగించు జనరేటరును నేడు ఇంటిమనుషులంత అవసరములైనవి. ఆ యంత్రములన్నిటియందును ఇంధనమును గాలితో కలిపి ఇంజనునకు అందించు కార్బరేటరు అను చిన్న లోహపు పెట్టె కలదు. దానికి వచ్చు రోగములను గూర్చియు, పెక్కుమాఱులు రోగము కార్బరేటరుది గాక అందులోని పెట్రోలుదే యగుటను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపవాసులయందు నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారని తేలినది. అయినను యంత్రముతోపాటు పెట్టెలో వచ్చు పుస్తకము మన భాషలో ఉండుట అరుదు గనుక, ఈ మాటలు తెలుగున చెప్పవలసిన అగత్యము కలదని నా నమ్మకము.

ఈ ద్వీపముల వాతావరణమునకును చిన్న ఇంజనునకును మధ్యనున్న వైరమును మొదట గ్రహింపవలెను. ఏటా సగటున సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియు ఈ నేలమీద, జనవరి మొదలు ఏప్రిలు వఱకు మాత్రము తోటకు నీటి కఱవు. కావున పంపు ఆ నాలుగు మాసములు నడచి, మే నెలలో నైరుతి ఋతుపవనము తాకగానే మూలబడి, తిరిగి సంక్రాంతి వెళ్లువఱకు ఎనిమిది మాసములు కదలక యుండును. బ్రష్ కట్టరు సంగతి ఇందుకు విపర్యాసము. అది వానకాలమున పనిచేసి వేసవిలో నిద్రించును. ఏ యంత్రమైనను ఏడాదిలో అధికభాగము కడుపులో పెట్రోలు ఉంచుకొని, ఉప్పుగాలిలో, తడిగాలిలో ఊరక కూర్చుండునన్నమాట. పనిచేసి అరిగిన ఇంజనుకంటె, పనిలేక కూర్చున్న ఇంజనే ఇచ్చట ముందుగా చెడును.

పెట్రోలు నీరువలె ఎన్నాళ్లైనను ఒక్క తీరున నుండు ద్రవము కాదు. అది తేలికగా ఆవిరియగు అంశములును, నెమ్మదిగా ఆవిరియగు అంశములును కలిసిన మిశ్రమము. నిలవయున్న కొలది తేలిక అంశములు ముందుగా లేచిపోవును. చలి ఇంజను మొదటి లాగుడునకే అంటుకొనుటకు ఆధారము ఆ అంశములే గనుక, మిగిలిన ద్రవము చూపునకు పెట్రోలే యైనను స్వభావమున మందకొడిది. అంతటితో ఆగక, అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి జిగురుగా మాఱి, ఎండి, లోపలి గోడలమీదను రంధ్రములలోను వార్నిషు పూతవలె గట్టిపడును. సగము నిండిన ట్యాంకులో గాలి ఎక్కువ గనుక ఈ మార్పు త్వరగా జరుగును. ఇంజన్లు తయారుచేయువారు పలువురు నెలనాళ్లకు మించి పెట్రోలును యంత్రములో నిలువ ఉంచవలదని హెచ్చరించుట ఇందుకే. మంచి పెట్రోలు వాసన ముక్కునకు చుఱుక్కున తగులును. పాడైనది పులిసిన వాసన, పాతరంగు డబ్బా వాసన వేయును, రంగు ముదురును. మెకానిక్ మేస్త్రి మూత తీసి మొట్టమొదట వాసన చూచుట పరీక్షలన్నిటిలో ఉత్తమమైనది.

కార్బరేటరు పనిచేయు తీరు తెలిసినచో రోగనిర్ణయము తనంత తానే వచ్చును గావున, దానిని కొంచెము విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు. ఇంజనులో పిస్టను వెనుకకు జరిగినపుడు వెలుపలి గాలి కార్బరేటరు గొట్టము గుండ లోనికి పరుగెత్తును. ఆ గొట్టము నడుమ కొంత ఇఱుకుగా చేయబడియున్నది. వెడల్పైన కాలువలో మందముగా పోవు నీరు ఇఱుకు తూములో వడిగా పాఱునట్లు, గాలియు అచ్చట వేగమునొందును. వేగమునొందిన చోట దాని పీడనము తగ్గును. బెర్నూలీ 1738లో ప్రకటించిన ప్రవాహశాస్త్ర గ్రంథమును, ఇటలీ దేశీయుడగు వెంచూరి 1797లో ప్రకటించిన ప్రయోగములును దీనికి పునాది. వాటి ఆధారమున 1893 ప్రాంతమున జర్మనీలో మేబాఖును, హంగరీలో బాంకి, చొంకా అను ఇరువురును పెట్రోలును తుంపరగా చిమ్ము కార్బరేటరును రూపొందించిరి. గొట్టము క్రిందనున్న చిన్న గిన్నెలో పెట్రోలు నిలిచియుండును. ఆ గిన్నెపైకి ఒక సన్నని రంధ్రము గుండ బయటి గాలి వచ్చుచుండును. ఇఱుకు చోట పీడనము తగ్గగా, గిన్నెమీది గాలి తన బరువుతో పెట్రోలును జెట్టు అను సన్నని రంధ్రము గుండ పైకి నెట్టును. ఇంజను పెట్రోలును పీల్చుకొనునని లోకమున వాడుక. నిజమునకు గాలి దానిని నెట్టుచున్నది. ఈ భేదము పండితుల కొఱకు చెప్పునది కాదు, తోటలోని రైతునకే పనికివచ్చునది; ఏలయన గాలి లోనికి వచ్చు రంధ్రము మూసికొనిపోయినచో, ట్యాంకు నిండ పెట్రోలున్నను ఒక్క చుక్కయు కదలదు.

దీనికి మంచి నిదర్శనము ట్యాంకు మూత. మూతలో గాలి పోవుటకు సూది మొనంత రంధ్రముండును. అందు మట్టి చేరినను, ఉప్పు పేరుకొన్నను, వానకాలమున మట్టిగూడు కట్టు కందిరీగ దానిని కప్పినను, ఇంజను మొదట చక్కగా బయలుదేఱి, పది నిముషములు నడచి, ఆకలితో ఆగును; కొంతసేపు ఊరకుంచినచో గాలి మెల్లగా చొరబడి మరల నడచి, మరల ఆగును. ఇట్టి ఇంజనును అంగడికి మోసికొనిపోయి కార్బరేటరు మార్పించుకొన్నవారిని నేనెఱుగుదును. మూతను ఒక్క చుట్టు వదులు చేసి నడిపి చూచినచో సంగతి తేలిపోయెడిది.

ఇక ఇంజను బొత్తిగా అంటుకొననపుడు ఏమి చేయవలెను? తాడు లాగి లాగి చేయి నొచ్చినవెనుక, చాలమంది కార్బరేటరు ప్రక్కనున్న స్క్రూలను త్రిప్పనారంభింతురు. నిన్న నడచిన యంత్రమున స్క్రూ రాత్రికి రాత్రి తనంత తానే తిరిగియుండదు. కాన దానిని ముట్టవలదు. మొదట నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గును విప్పి చూడుడు. పలుమాఱులు లాగినను ప్లగ్గు పొడిగా నున్నచో పెట్రోలు అందుట లేదు. తడిసి కారుచున్నచో పెట్రోలు అధికముగా పోయినది, లేదా నిప్పురవ్వ లేదు. పొడిప్లగ్గును చూచినవారు ఇక పెట్రోలు నడచు దారి వెంటనే తామును నడువవలెను. కార్బరేటరుకు తగిలించిన రబ్బరు గొట్టమును ఊడదీసి, దాని కొనను గాజుసీసాలో పెట్టి, ట్యాంకు క్రింది కాక్ తెఱవుడు. ధార తెగక పడినచో ట్యాంకు, మూత, ఫిల్టరు, గొట్టము నిర్దోషులు, దోషము అవతలనున్నది. చుక్క చుక్కగా పడినచో ఇవతలనున్నది; కాక్‌లోని జల్లెడనో ఫిల్టరునో శుభ్రపఱచినచో పని ముగిసినట్లే.

ఆ సీసాను పాఱవేయవలదు. దానిని కదల్పక కొంతసేపు ఉంచి, వెలుతురున కెత్తి అడుగు చూడుడు. ఈ ద్వీపములయందు కార్బరేటరు రోగములలో ప్రధానమైనదానిని చూపునది ఆ సీసా అడుగే. పగటి వేడికి ట్యాంకులోని గాలి వ్యాకోచించి బయటికి పోయి, రాత్రి చల్లబడినపుడు తడిగాలి లోనికి వచ్చి, ఆ తడి ట్యాంకు గోడలమీద చెమర్చి క్రిందికి జాఱును. వాన కురియుచుండగా పెట్రోలు పోసినను నీరు చేరును. లీటరు నీరు ఒక కిలో తూగగా, లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలోయే తూగును. కావున నీరు ఎల్లప్పుడును అడుగునకే చేరును. కార్బరేటరు గిన్నెలో ప్రధానమైన జెట్టు ఉండునదియు ఆ అడుగుననే. అందుచేత ఒక్క చెంచాడు నీరు చాలును. పైన గిన్నెనిండ స్వచ్ఛమైన పెట్రోలున్నను, జెట్టు నోట నీరే పడి, ఇంజను ఒకటి రెండు దగ్గులు దగ్గి ఆగిపోవును. గిన్నె క్రిందనున్న చిన్న స్క్రూను విప్పి, ఆ ద్రవమును సీసాలోనికి వదలినచో, నీరు ముత్యములవలె అడుగున దొర్లుచు కనబడును. స్వచ్ఛమైన పెట్రోలు వచ్చువఱకు వదలి, స్క్రూ బిగించి, తిరిగి ప్రయత్నించినచో పెక్కు ఇంజన్లు అప్పుడే లేచును. ఆ నీటిలో ఉప్పుగూడ చేరి మాసములకొలది నిలిచినచో, అల్యూమినియపు గిన్నె అడుగున తెల్లని పొడియు, ఇత్తడి జెట్టుమీద పచ్చని చిలుమును పుట్టును. అప్పుడు నీరు వదలిన మాత్రమున చాలదు, గిన్నె విప్పవలసినదే.

ఇథనాలు కలిపిన పెట్రోలును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలెను. చెఱకు, ధాన్యము మొదలగువానినుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపు పథకమును 2019 ఏప్రిలు 1 నుండి దేశమంతట విస్తరించినపుడు ఈ ద్వీపములను, లక్షద్వీపములను మినహాయించిరి. ఆ పిమ్మట 2023లో నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు గల పెట్రోలు ప్రధాన భూభాగమున అంగళ్లకు వచ్చినది. ఇథనాలు గాలిలోని తేమను ఆకర్షించి తనలో కలుపుకొను గుణము గలది. కొంతవఱకు అది మేలే. స్వల్పమైన నీటిని తనతోపాటు మండించివేయును. ఆ పరిమితి దాటినంతనే నీటిని వెంటబెట్టుకొని పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. అటుపిమ్మట పైన మిగిలినది బలహీనమైన పెట్రోలు, క్రిందనున్నది మండని ద్రవము. దానిని మరల కలుపుట ఎవరి తరమును కాదు. మీ పెట్రోలులో ఇథనాలు కలదో లేదో తెలిసికొనుట సులభము. గీతలున్న సన్నని గాజుగొట్టములో పది పాళ్లు నీరు పోసి, దానిపై తొంబది పాళ్లు పెట్రోలు పోసి, మూసి, బాగుగా కదిలించి నిలుపుడు. నీటిమట్టము మొదటి గీతయొద్దనే నిలిచినచో ఇథనాలు లేదు. గీత దాటి పెరిగినచో అంతమేర ఇథనాలు నీటిలోనికి దిగినదని అర్థము. పాత ఇంజన్లలోని రబ్బరు గొట్టములు, వాషర్లు ఇథనాలునకు మెత్తబడి ఉబ్బుట కలదు గనుక, అట్టి యంత్రములవారు వాటిని అప్పుడప్పుడు చేతితో నొక్కి చూచుకొనవలెను.

ఇంజను అంటుకొనియు సరిగా నడువకుండుట వేఱొక తరగతి రోగము. గాలిదారిని తగ్గించు చోకును మూసినపుడు నడచి, తెఱవగానే ఆగినచో, గాలికి తగిన పెట్రోలు అందుటలేదు. జెట్టు కొంతవఱకు మూసుకొనిపోయినది. పనిలేనపుడు ఒకసారి హోరెత్తి, మఱుక్షణము నీరసించి, మరల హోరెత్తుచు ఊగులాడుచున్నచో, అట్లు పనిలేక నడచునపుడు పెట్రోలునందించు చిన్నదగు పైలట్ జెట్టులో జిగురు పట్టినదని చెప్పవచ్చును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కలిసినగాని దహనము సంపూర్ణము కాదు. చిన్న పంపు ప్రధాన జెట్టు రంధ్రము తరచుగా మిల్లీమీటరులో ముప్పాతిక భాగమునకు మించదు, పైలట్ జెట్టుది అందులో ఇంచుమించు సగము. ఇంత సూక్ష్మమైన రంధ్రమున ఒక్క పొర జిగురు పేరుకొన్నను లెక్క తప్పుననుటలో వింతలేదు. అందుచేతనే ఆ రంధ్రమును పిన్నీసుతోనో ఉక్కుతీగతోనో పొడువవలదని బ్రతిమాలుచున్నాను. జెట్టు మెత్తని ఇత్తడిది. ఒక్క గీత పడినను రంధ్రము పెద్దదై, ఇంజను ఆపై ఎన్నటికిని నల్లని పొగ మానదు. కార్బరేటరు శుభ్రపఱచు మందులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి, అప్పటికిని తెఱపి రానిచో కరెంటు తీగలోని ఒక్క రాగిపోగును మెల్లగా దూర్చి తీసి, వెలుతురునకు ఎదురుగా పెట్టి చూడుడు. గుండ్రని వెలుగుచుక్క కనబడవలెను. మందులో నానబెట్టుటకు ముందు రబ్బరు వాషర్లను తీసి ప్రక్కన పెట్టుట మఱువరాదు.

పెట్రోలు కార్బరేటరునుండి పొంగి కారుచున్నచో గిన్నెలో తేలుచు పెట్రోలు మట్టమును కాపాడు ఫ్లోటునో, దానితో కదలి పెట్రోలు దారిని మూయు సూదినో చూడవలెను. సూది కూర్చుండు చోట ఇసుకరేణువున్నను అది మూసుకొనదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఆ పొంగిన పెట్రోలు సిలిండరు దాటి ఆయిలులోనికి దిగును. ఆయిలుమట్టము పెరిగి, ఆయిలు కొలుచు పుల్ల పెట్రోలు వాసన వేయును. అట్టి ఆయిలుతో ఇంజను నడిపినచో లోపలి భాగములు అరిగి నాశనమగును గనుక, పొంగు మాన్పిన పిదప ఆయిలు మార్చినగాని తాడు లాగరాదు. పని ముగిసినప్పుడెల్ల కాక్ మూయు అలవాటున్నవారికి ఈ నష్టము కలుగదు.

బ్రష్ కట్టరు కార్బరేటరులో గిన్నెయు ఫ్లోటును లేవు. కోయువాడు యంత్రమును ఎటు వంచినను నడువవలెను గాన, అందు సన్నని రబ్బరుపొర, అనగా డయాఫ్రం, ఇంజను శ్వాసతో కదలుచు పెట్రోలును తోడును. ఆ పొర ఏళ్లు గడచినచో గట్టిపడి, వంగక, పెట్రోలును తోడదు. దానిని బాగుచేయుట వ్యర్థము. పొరలు, గాస్కెట్లు కలిసిన కిట్టు కొని మార్చుటయే తగినది. కట్టర్లలో పెక్కింటికుండు రెండు స్ట్రోకుల ఇంజన్లకు పెట్రోలులో 2టి ఆయిలు కలుపుట ప్రాణాధారము. యాబదికి ఒకటి అన్నచో లీటరుకు 20 మిల్లీలీటర్లు, నలుబదికి ఒకటి అన్నచో 25, ఇరువదియైదుకు ఒకటి అన్నచో 40. ఏ పాలు వాడవలెనో యంత్రముమీదనే వ్రాసియుండును, కంటికొలత పనికిరాదు. ఆయిలు తగ్గినచో పిస్టను పట్టివేయును, మిక్కుటమైనచో ప్లగ్గు మసిబాఱును.

2020 ఏప్రిలు 1న భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చిన పిదప, క్రొత్త మోటారుసైకిళ్లలో పెక్కింట కార్బరేటరు స్థానమును ఇంధన ఇంజెక్షను ఆక్రమించినది. తత్ఫలితముగా నేడు పని నేర్చుకొను కుఱ్ఱవాండ్రకు కార్బరేటరు విప్పు అవకాశము దినదినము తగ్గుచున్నది. తోటలోని పంపులు, కట్టర్లు మాత్రము ఇంకను పెక్కేండ్లు కార్బరేటరుమీదనే నడచును. సముద్రము దాటి విడిభాగము రావలసిన ఈ ద్వీపములయందు ఈ విద్య అంతరించినచో, పది రూపాయల జిగురునకు వేల రూపాయల యంత్రమును పాఱవేయవలసివచ్చును. పెద్ద మేస్త్రులు తమ వద్దనున్న పిల్లలచేత పాత కార్బరేటర్లను విప్పించి, కూర్పించి, ఈ విద్యను వారి చేతులకు అందింపవలెనని కోరుచున్నాను.

పని చేయునపుడు జాగ్రత్తను గూర్చి రెండు మాటలు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలను అంటిపెట్టుకొని ప్రాకి, దూరమున వెలుగుచున్న పొయ్యినుండి నిప్పు తెచ్చుకొనును. కావున ఇంజను చల్లారిన పిదప, ఆరుబయట, బీడి లేకుండ, పిల్లలు దూరముగా నుండగా ఈ పని చేయవలెను. వదలిన పాత పెట్రోలును ఉప్పుటేటిలో ఎంతమాత్రము పోయవలదు. ఆ మడచెట్ల వేళ్లనడుమ చేపపిల్ల, రొయ్యపిల్ల, పీతపిల్ల పెరుగుచున్నవి. వానిమీద ఆధారపడినవారు మన జాలరి సోదరులే. ఆ పెట్రోలును మూతగల డబ్బాలో దాచి, మీ మెకానిక్ షాపునకు అప్పగింపుడు.

మే 20 ప్రాంతమునకు ఋతుపవనము ఇచ్చటికి వచ్చుట వాడుక. దానికి ముందే, తోటకు చివరి తడి ఇచ్చినదినముననే, పంపు ట్యాంకును ఖాళీచేసి, ఇంజను తనంత తానే ఆగువఱకు నడిపి, గిన్నె క్రింది స్క్రూ విప్పి మిగిలిన చుక్కలనుగూడ వదలి, తిరిగి బిగించి, యంత్రమును నేలకు తగులక గాలి ఆడు ఎత్తైన చోట పెట్టుడు. పెట్రోలు డబ్బామీద కొన్న తేదీని బొగ్గుతోనైనను వ్రాయుడు. నెల దాటినదానిని చిన్న ఇంజనులో పోయకుడు. ఇందుకు పట్టు కాలము అరగంటకు మించదు. ఈ ఏటి వేసవి చివర ఆ అరగంటను మీ పంపునకు కేటాయింపుడని సిప్పీఘాట్ రైతులను, తక్కిన ద్వీపములయందలి తెలుగు సోదరులను ప్రార్థించుచున్నాను.